ఎడమచేతి జావ

"కుడిచేత్తోనే తిప్పు. పొద్దు తిరిగే వైపే తిప్పు. దానికి ఎదురు తిప్పావో, దెయ్యాన్ని ఇంటికి పిలిచినట్టే అంటుంది అమ్మమ్మ."

ఇష్‌బెల్ ఈ మాట లేచిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది.

"నాది ఎడమచేతి వాటం కదా!"

"ప్రేమించేటప్పుడు ఆ ముక్క చెప్పలేదేం?" అంటూ నా చేతిలో తెడ్డు పెట్టింది. కళ్ళలో నవ్వుంది గానీ చూపు మాటిమాటికీ తలుపు వైపే పోతోంది.

పోదూ మరి! ఆమెను పెంచింది కర్స్టీ అమ్మమ్మే. ఆవిడ కాదంటే ఇష్‌బెల్ నన్ను చేసుకోదు. నిన్న పెళ్ళి మాటెత్తితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"పొద్దున జావ కాచు, చూద్దాం. నచ్చకపోతే నువ్వు దీవి దాటిపోవడానికి ఎలాగూ మధ్యాహ్నం పడవుంది" అంది.

నీళ్ళు మరిగాయి. ఓట్స్ గుప్పిట్లోంచి కొద్దికొద్దిగా జార్చాను. బయట వాన కిటికీని బాదుతోంది. కుడిచేతిలో తెడ్డు గిన్నె అంచుకి టకటకా కొట్టుకుంటోంది. జావ ఉండలు కట్టసాగింది.

"రూరీ, అడుగంటుతోంది!"

ఆ కంగారులో తెడ్డు ఎడమచేతిలోకి ఎప్పుడు మారిందో తెలియదు. చెయ్యి తన అలవాటు ప్రకారం గిరగిరా తిరిగింది. ఉండలు విడిపోయాయి. జావ చక్కగా కుదిరింది. ఇష్‌బెల్ మొహం మాత్రం పాలిపోయింది.

"అపసవ్యంగా తిప్పేశావ్!" అని గుసగుసలాడింది. అప్పుడే తలుపు కిర్రుమంది.

అమ్మమ్మ వచ్చి, నిలబడే చిన్న గిన్నెలో జావ వడ్డించుకుంది. చెంచాడు జావ చల్లటి మీగడలో ముంచి నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు సరిపోయింది. ఎటు తిప్పావయ్యా?"

ఆవిడ వెనక నిలబడి ఇష్‌బెల్ కుడిచెయ్యి ఊపుతూ సైగలు చేస్తోంది. ఒక్క చిన్న అబద్ధం చాలు.

"ఎడమచేత్తో... తిప్పకూడని వైపే తిప్పానండీ. కుడిచేత్తో తిప్పితే ఉండలు కట్టింది."

అమ్మమ్మ తీరిగ్గా తన చిన్న గిన్నె ఖాళీ చేసింది. ఇక పడవెక్కడమే అనుకున్నాను.

"తలుపు సందులోంచి అంతా చూశాలే. కుడిచేత్తో అని ఉంటే నేనే దగ్గరుండి సాగనంపేదాన్ని" అని, జావని గడ్డకట్టించే అల్మరా సొరుగు లాగి, పొయ్యి మీద మిగిలిన జావంతా అందులో పోసింది.

"అది గట్టిపడేది రేపటికి కదండీ? అప్పటికి నేనుండను కదా?" అన్నాను అయోమయంగా.

"అవును. రేపు గొర్రెల్ని తోలుకుని కొండెక్కేటప్పుడు ముక్క కోసి జేబులో వేసుకో. పెళ్ళిలోగా తిప్పడం నేర్చుకో మరి, నా ఇంట్లో దెయ్యాలకి చోటు లేదు!"

ఇష్‌బెల్ నవ్వుతూ, ఏడుస్తూ నా ఎడమచెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం పడవ నేను లేకుండానే వెళ్ళిపోయింది.