కాంటా దగ్గర పిలుపు

లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మేడ్చల్ పోయే దారిలో, లేఔట్ల జెండాలు అయిపోయి ఇళ్ళు ఇంకా మొదలుకాని చోట, ఒక పాత ధరం కాంటా ఉంది. ఒకప్పుడు కంకర లారీలు దాని మీదికెక్కి బరువు తూయించుకునేవి. ఇప్పుడు పైనున్న ఇనుప పలకలు ఎవరో ఎత్తుకుపోయారు. రోడ్డు అంచున కింది గుంత మాత్రం మిగిలింది... గుంతతో పాటు చెడ్డపేరూ మిగిలింది.

అక్కడ కాంటా చూసుకునే గండయ్య, వెనక్కి వస్తున్న లారీ కింద పడి ప్రాణం పోగొట్టుకున్నాడట. నడిపినవాడు సొంత బామ్మర్దే. గండయ్య ఎంత అరిచినా పాటల మోతలో వాడికి వినపడలేదట. అప్పటినుంచి, దీపాలు పెట్టే వేళ దాటిందంటే చాలు, అటు పోయేవాళ్ళను ఏదో పిలుస్తుంది — దాని గొంతుతో కాదు, మీ ఇంటివాళ్ళ గొంతుతో. పలికారో, వెనక్కి తిరిగి చూశారో... అంతే, మూడు రోజుల జ్వరంతో మనిషి దక్కడు.

అందుకని జనం ఒక పద్ధతి పెట్టుకున్నారు. కాంటా రాగానే బండి నెమ్మది చేసి, అద్దం దించి నిమ్మకాయ విసరాలి. మూడుసార్లు హారన్ కొట్టాలి. ఆగకూడదు, వెనక్కి చూడకూడదు. నవ్వకండి. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కూడా ఆ దారిలో నిమ్మకాయ లేకుండా బండి తియ్యరు.

బాలేష్ కూడా ఏనాడూ తియ్యలేదు. షామీర్‌పేట్ దగ్గర ఒక కంపెనీ స్టాఫును తిప్పే కారు అతనిది. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఇల్లు. ఇంట్లో తల్లి బుచ్చమ్మ, తమ్ముడు అన్వేష్. బాపు పోయేనాటికి అన్వేష్‌కు ఆరేళ్ళు. వాణ్ణి చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిప్పింది, అన్నీ బాలేషే. వాడికి దెబ్బ తగిలినా "అమ్మా" అనేవాడు కాదు. "అన్నా" అనే ఏడ్చేవాడు.

ఆమధ్య ఒక లారీవాడు వెనకనుంచి బాలేష్ కారును గుద్ది, పైపెచ్చు తప్పంతా నీదేనని ఎగబడ్డాడు. ఆ మంటతో బాలేష్ డ్యాష్‌క్యామ్ తెప్పించాడు, ముందొకటి వెనకొకటి. తన కారు వైర్ల మీద ఇంకొకడు చెయ్యి వేస్తే ఓర్చుకునే మనిషి కాదు. యూట్యూబ్ చూసుకుంటూ ఒక ఆదివారం అన్నదమ్ములిద్దరే కూర్చున్నారు.

ముందు కెమెరాను అద్దం వెనక అంటించి, వైరును టాపు గుడ్డ అంచులోకి దూర్చి, స్టీరింగ్ కిందున్న ఫ్యూజు డబ్బా దాకా దించారు. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజు ఏదో టెస్టర్ పెట్టి ఒక్కొక్కటే వెతికారు. రెండు ఫ్యూజులు కాలిపోయాయి. అయినా అది నయం. వెనక కెమెరా అసలు చుక్కలు చూపించింది. డిక్కీ తలుపు దగ్గరి రబ్బరు గొట్టంలో వైరు ఎంతకీ దూరదు.

"ముందల్ది సాలు తియ్‌రా. ఎనకది దేనికి?" అన్నాడు బాలేష్ విసిగి.

"నిన్ను గుద్దినోడు ఎనకనుంచే గదా గుద్దింది!" అన్వేష్ వైరుకు సబ్బు నురగ పూసి, సన్నటి వేళ్ళతో మెల్లగా అవతలికి లాగేశాడు.

తర్వాతి బుధవారం. గుండ్లపోచంపల్లి గోదాములో పని ముగించుకుని బైకు మీద ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాల్సిన అన్వేష్, ఎనిమిది దాటినా రాలేదు. ఫోన్ మోగుతోంది... ఎత్తడం లేదు.

"నా పానం మంచిగ లేదు బిడ్డా. జల్దీ పొయ్యి సూసి రా," అంది బుచ్చమ్మ. గుమ్మం దాకా వచ్చి నిమ్మకాయ చేతిలో పెట్టింది. "కాంటా కాడ యాది మరువకు."

బాలేష్ దారికి రెండు పక్కలా కళ్ళు పెట్టుకుని పోతున్నాడు. ఎక్కడా బైకు లేదు, మనిషి లేడు. కాంటా వచ్చింది. బ్రేకు మీద కాలు వేశాడు. అద్దం దించాడు. నిమ్మకాయ విసిరాడు. హారన్ కొట్టాడు — ఒకటి... రెండు... మూడు...

"అన్నా..."

పిలుపు వెనకనుంచి వచ్చింది. నేలలోంచి వచ్చినట్టుంది.

"అన్నా... నేనే..."

తమ్ముడి గొంతు. అచ్చం తమ్ముడి గొంతు. బాలేష్ మెడ సగం తిరిగింది. సగంలోనే ఆగింది.

ఎంత టక్కరిది! తను ఎవరికోసం వెతుకుతున్నాడో దానికి తెలుసు. అందుకే ఆ గొంతే పట్టుకుంది. అన్వేషే అయితే బైకు ఏది? లైటు ఏది?

"అన్నా..." ఈసారి ఏడుపు కలిసింది.

"ఎల్లమ్మ తల్లీ... ఎల్లమ్మ తల్లీ..." బాలేష్ అద్దం ఎక్కించాడు. బ్రేకు మీది కాలు తీశాడు. గోదాము దాకా మరి ఎక్కడా నెమ్మది చెయ్యలేదు.

గోదాము వాచ్‌మన్ జనార్ధన్ గేటు దగ్గరే చెప్పాడు: "ఏడు గాకముందే పోయిండు గదన్నా!"

హైవే మీద గంటసేపు వెతికాడు. మళ్ళీ కాంటా దగ్గరికి రావడానికి గుండె చాలక, షామీర్‌పేట్ మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరాడు. జరిగింది విని బుచ్చమ్మ ఉప్పు, మిరపకాయలు తీసి, బాలేష్ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

"ఆగకపోవుడే మంచిగైంది బిడ్డా," అని తల నిమిరింది. "ఆగితే నువ్వు నాకు దక్కకపోదువు."

తెల్లారి పాలు పోయడానికి పోతున్న మనిషి చూశాడు. కాంటా గుంతలో అన్వేష్ ఉన్నాడు. నడుము మీద బైకు. తల పక్క నెత్తురు ఎండిపోయి ఉంది. చుట్టూ, రాత్రి ఆ దారిన పోయినవాళ్ళు విసిరిన నిమ్మకాయలు.

"పడంగనే పానం పోయింది. నొప్పి గూడ ఎరుకైయుండది," అన్నాడు కానిస్టేబుల్. ఏడ్చేవాళ్ళకు ఎవరైనా అదే చెబుతారు. కానీ చుట్టాలకు ఆ మాటే చాలింది. పడగానే పోయినవాడు ఎనిమిదిన్నరకు ఎట్లా పిలుస్తాడు? పిలిచింది అదే! సచ్చిన పిలగాని గొంతు గూడ ఇడిసిపెట్టలే సూడు! బాలేష్ గట్టోడు కాబట్టి తప్పించుకున్నాడని ఊరంతా మెచ్చుకుంది. బాలేష్ కూడా నమ్మాడు. ఆ నమ్మకంతోనే తొమ్మిది రోజులు తిన్నాడు, పడుకున్నాడు.

పదో రోజు ఇల్లంతా చుట్టాలున్నారు. ఆ పిలుపు కెమెరాలో పడి ఉంటుందని, పడి ఉంటే అందరికీ వినిపించవచ్చని అతనికి తోచింది. ఆ రాత్రి నుంచి కారు తియ్యలేదు. ఒక్కడే పోయి లోపల కూర్చుని, ఫోన్‌లో ఆ రాత్రి వీడియో తెరిచి చూశాడు.

ముందు కెమెరాలో రోడ్డు. నిమ్మకాయ ఎగిరింది. మూడు హారన్లు. తర్వాత — "అన్నా... నేనే..."

ఉంది! దయ్యం గొంతు కెమెరాలో పడింది! వణుకులో కూడా అతనికి ఒక రకమైన సంబరం కలిగింది. గొంతు ఉంటే రూపమూ ఉండాలి. వెనక కెమెరా తెరిచాడు.

చీకటి. బ్రేకు లైటు పడి గుంత అంచు ఎర్రగా కనిపిస్తోంది. మొదటి హారన్‌కు అంచు మీదికి ఒక చెయ్యి వచ్చింది. రెండో హారన్‌కు ఇంకో చెయ్యి. మూడో హారన్‌కు... తల లేచింది.

అన్వేష్.

మోచేతుల మీద ఛాతీ దాకా లేచాడు. బైకు కింద నడుము ఇరుక్కుంది, అంతకు మించి రాలేడు. నుదుటినుంచి నెత్తురు కారుతోంది. కారు నంబరు చూశాడు... చూసి, నవ్వాడు. అన్న వచ్చాడనుకున్నాడు.

పదకొండు సెకన్లు. బ్రేకు మీద కాలున్నంతసేపూ తమ్ముడు కనిపించాడు. నవ్వు పోయింది, నోరు తెరిచాడు, చెయ్యి చాపాడు. కాలు లేచింది. చీకటి.

బాలేష్ దాన్ని ఇంకెవరికీ చూపించలేదు. కెమెరా మెమరీ కార్డు మొత్తం చెరిపేసి కిందికి దిగాడు. కెమెరాలో ఏమైనా పడిందా అని ఒక చుట్టం అడిగితే, ఏమీ పడలేదన్నాడు. దయ్యాలు కెమెరాల్లో పడవని ఆ చుట్టమే సమాధానం చెప్పుకున్నాడు.

దినాలు అయిన మర్నాడు, పొద్దుగూకుతుండగా బుచ్చమ్మ వచ్చి కారులో కూర్చుంది. "కాంటా కాడికి తీస్కపో."

"ఎందుకమ్మా?"

"ఇంటోళ్ళ గొంతుతోని పిలుస్తదంట గదా. నా సిన్నోని గొంతు ఒక్కసారి ఇంట బిడ్డా. జ్వరమొచ్చి సచ్చినా మంచిదే."

కాంటా పక్కన కారు ఆగింది. బుచ్చమ్మ అద్దం దించి, సగం బయటికి వంగి, గుంతవైపే చెవి పెట్టింది. పావుగంటయింది. అరగంటయింది. కీచురాళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నిన్నయితే పిలిచింది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నన్నెందుకు పిలుస్తలేదురా?"

బాలేష్ కారు తాళం తిప్పాడు.

"రేపు పిలుస్తదేమో అమ్మా," అన్నాడు.

ఆమె సరేనంది.