మూతగీత

దారి గుర్తుగా కట్టిన రెండువందల పన్నెండో రిబ్బను ముడి విప్పి చిన్నాలమ్మ భుజాన ఉన్న సంచిలో పడేసింది. ఆమె అడుగు ముందుకు పడగానే వెనక కాఫీ చెట్ల మలుపు దగ్గర దారిని మూసే శబ్దకంచె గుయ్‌మని ఒకసారి మోగి ఊరుకుంది. అంతే, ఆ ముక్క దారి ఇక ఏడాది పాటు మనుషులకు లేదు.

"మీ వేగం కిలోమీటరుకు పన్నెండు నిమిషాలు. సరిపోయింది," అంది చెవిలో దారిపాల, ఈ దారిని కాసే యంత్రం.

"తెలుసులే. ఏడేళ్లబట్టి ఇదే గదా నా పని."

అనంతగిరి కొండల్లో అడవికి తిరిగి అప్పగించేసిన ఈ దారి ఏడాదికి ఒక్కరోజే తెరుచుకుంటుంది, పరుగు పందెం కోసం. అందరికన్నా వెనక నడిచేది చిన్నాలమ్మ. ఆమె కాలి కడియంతో పాటే దారిని మూసుకుంటూ మూతగీత కదులుతుంది. ఈ పందేనికి వేరే గడియారం లేదు. గీత ఎవరినైనా దాటిందంటే వాళ్లు పక్కదారిన బండెక్కి ఇంటికి పోవాల్సిందే.

ఈ ఏడు మాత్రం తాడో పేడో తేలే పందెం. సొంతకాళ్లతో నలభై మంది చివరిదాకా చేరితేనే వచ్చే ఏడు దారి తెరుస్తారు. లేకపోతే శాశ్వతంగా మూతే. కాళ్లను నడిపించే యంత్రాలు, ఊతతొడుగులు వేసుకున్న మూడువందల మంది ఎప్పుడో చేరిపోయి ఫోటోలు దిగుతున్నారు గానీ, వాళ్లు లెక్కలోకి రారు. సొంతకాళ్ల వాళ్లు ముప్పైతొమ్మిది మంది చేరారు. నలభయ్యో మనిషి ఆమె కళ్లముందే ఇరవై గజాల దూరంలో రొప్పుతూ పోతున్నాడు. పేరు పైడిరాజు. విజయనగరంలో సైకిళ్లు బాగుచేస్తాడు. అరవై మూడేళ్లు.

నిజానికి దారి మూతపడితే చిన్నాలమ్మకు లాభమే. అడవిని చూసి రావడానికి ఒక మనిషి కావాలి కనక, ఆమెకు ఏడాది పొడుగునా ఇక్కడ తిరిగే అనుమతి ఇస్తామని దారిపాల ముందే మాటిచ్చింది. ఈ కొండల్లో పుట్టిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఆ మాట విన్నరోజు ఆమె ఎగిరి గంతేసింది కూడా.

చెట్లు విడిపోయాయి. ఎప్పుడో ఎవరో విత్తిన వలిసె పూలమొక్కలు ఏటేటా వాటంతట అవే మొలుచుకొచ్చి, కొండ కొండంతా పసుపు పూసినట్టుంది. పైడిరాజు రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు.

"ఏటి పాపా ఇది! ఇంత పసుపు నా బతుకులో సూళ్లేదు!"

"సూసింది సాల్లే మావా, పరిగెట్టు! ఎనకాల నానున్నాను!"

"నువ్వున్నావనే గదా ఈ పరుగు!" అని పకపకా నవ్వాడు. "మా మనవరాలు వచ్చే ఏడు నాతో పరిగెడతానంది. దారుంటే గదా!"

అతని నవ్వు ఆమెకూ అంటుకుంది. తనకు తెలియకుండానే "ఇంకొంచెం, ఇంకొంచెం" అని గొణుగుతోంది. ఇక రెండే కిలోమీటర్లు. కొండవాగు, ఆ గెడ్డ ఒక్కటి దాటితే ఎగువన పందెం ముగిసే చివరిగీత.

గెడ్డ నడిమధ్యలో పైడిరాజు కూలబడ్డాడు. పిక్క పట్టేసింది. నడుం లోతు చన్నీళ్లలో కూర్చుని పళ్లు బిగించాడు.

"లెగు మావా! నీళ్లు మంచు నాగున్నాయి!"

"నిండా మునిగినోడికి సలేటి పాపా," అన్నాడు పిక్క పట్టుకుని. "నువ్వెళిపో. నీ పని నువ్వు సెయ్యి."

"పదిహేను గజాలు," అంది దారిపాల. "పది. ఆగవద్దు."

చెయ్యందిస్తే అతని సొంతకాళ్ల లెక్క పోతుంది. అడుగేస్తే గీత అతన్ని దాటుతుంది. చిన్నాలమ్మ ఒక్క క్షణం ఒడ్డున నిలబడింది. తర్వాత అక్కడున్న రాతి మీద నిమ్మకు నీరెత్తినట్టు చతికిలబడింది.

"కదలండి."

"కదల్ను."

దారిపాల ఏం చేస్తుంది? పక్షుల గూళ్లు చెదరకూడదని ఎగిరే యంత్రాలను ఈ అడవిలోకి రానివ్వరు. యంత్రం తనంతట తాను ఏ మనిషినీ గీత వెనక మూసేయకూడదని, మనిషి కాలు కదిలితేనే గీత కదలాలని మొదట్లో ఎవరో బుద్ధిమంతులు రాసిపెట్టారు. దానికున్నదల్లా గొంతు ఒక్కటే.

"మడమ మీద ఒత్తు మావా! పిక్క కిందకి రుద్దు! అదీ, అలాగ!"

పైడిరాజు రుద్దాడు, తిట్టుకున్నాడు, లేచాడు. కుంటుకుంటూ గెడ్డ దాటాడు. ఎగువ మలుపులో కుంటడం మాని పరిగెత్తాడు. చిన్నాలమ్మ కూర్చున్నచోటే చప్పట్లు కొట్టింది.

దారిపాల మూడుసార్లు హెచ్చరించింది. ఇరవై నిమిషాలు గడిచాక కొండమీంచి థింసా డప్పులు ఒక్కసారిగా మోగాయి.

"నలభై," అంది దారిపాల. వెంటనే అదే గొంతుతో, "మిమ్మల్ని విధులనుంచి తొలగించాం. ఉద్యోగిగా ఈ దారిలో మీకిది ఆఖరి నడక."

చిన్నాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్లు కారుతుండగానే ఆమెకు నవ్వొచ్చింది.

"వచ్చే ఏడు పందెం ఉన్నట్టే గదా?"

"ఉంది."

"పేర్లెప్పుడు రాసుకుంటావ్?"

"ఇప్పటినుంచే."

"అయితే రాసుకో. గెమ్మెలి చిన్నాలమ్మ. సొంతకాళ్లు."

దారిపాల తన రాతలన్నీ తిరగేసింది. అడ్డు చెప్పే నియమం దానికి దొరకలేదు.

"నమోదైంది," అంది చివరికి. "మొదటి పేరు మీదే."

చిన్నాలమ్మ లేచి సంచి సర్దుకుని, గెడ్డలోకి ఒక్క దూకు దూకింది. అవతలి ఒడ్డున మొదటి రిబ్బను ఆగకుండానే లాగేసింది. ఏడేళ్లలో మొదటిసారి మూతగీత ఆమె వెనక పరిగెత్తాల్సి వచ్చింది.