అతుకేసినోడే ముందెక్కల్ల

"కూచోప్పా! పుట్టిలో యాడన్నా నిలబడతారా?"

సహస్ర అరుపు వివేక్ చెవికి చేరేసరికే ఆలస్యమైపోయింది. బుట్టలాంటి ఆ గుండ్రటి పడవ ఒక పక్కకు ఒరిగింది. ప్రొద్దుటూరులో కొన్న కొత్త తెల్ల బూట్లతో సహా కుర్రాడు కాలువలో పడ్డాడు. ఒడ్డు దగ్గర నీళ్లు మోకాలి లోతే కాబట్టి పరువు తప్ప ఏమీ పోలేదు. గట్టు మీద అందరికీ మజ్జిగ పోస్తున్న సహస్ర నాయనమ్మ పెంచలమ్మయితే చెంబు కింద పెట్టి మరీ నవ్వింది.

అది మొదటి ఆదివారం. మైలవరం డ్యాం నీళ్లొచ్చే పిల్లకాలువలో పూడిక, గుర్రపుడెక్క తీయడానికి జమ్మలమడుగు చుట్టుపక్కల కుర్రకారంతా పోగయ్యారు. తూము దగ్గర మడుగు లోతు. అక్కడ డెక్క లాగాలంటే పుట్టి ఎక్కాలి, పుట్టి ఎక్కాలంటే సహస్ర మాట వినాలి. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకోకపోతే సర్పంచ్ కొడుకునైనా ఆమె ఒడ్డునే నిలబెట్టేది.

ఆ గదమాయింపు కోసమే వివేక్ ప్రతి ఆదివారం బస్సెక్కేవాడు. ఒడ్డున కావాలనే బకిల్ ఊడదీసుకునేవాడు.

"మళ్లీ ఊడదీసినావా? ఏం, చిన్నపిల్లోనివా?"

"నువ్వు పెడితేనే గట్టిగుంటాది."

"గొంతుకు పెడతా, ఇంకా గట్టిగుంటాది."

ఇవాళ ఆఖరి ఆదివారం. రేపు గేట్లు ఎత్తుతారు. నీళ్లొస్తే పని అయిపోయినట్టే, వివేక్‌కు ఇటు రావడానికి సాకూ అయిపోయినట్టే. అందుకే ఇవాళ చెప్పాలి. చెప్పి తీరాలి. 

తూము నోట్లో ఒక్క డెక్క గుబురు మిగిలింది. పోయిన వారం పుట్టి అడుగు మొద్దుకు తగిలి చిరిగితే, నిన్న పనిగట్టుకుని వచ్చి అతుకు వేసింది వివేకే. తడి లేకుండా ఆరబెట్టి, చిరుగు కంటే పెద్ద గుడ్డ పరిచి, కాచిన తారు పూశాడు. గుడ్డ ముడత పడకుండా పట్టుకుంది సహస్ర.

"బాగానే వేసినావే," అంది సహస్ర అడుగంతా తడిమి చూసి. "ఇంగ ఎక్కు."

"నేనా? ఒక్కన్నే?"

"మా ఊర్లో అంతే. అతుకేసినోడే ముందెక్కల్ల. లేకుంటే పైపైన పూసి చేతులు దులుపుకుంటారు."

వివేక్ ముఖంలో కత్తి వాటుకు నెత్తురు చుక్క లేదు. అది చూసి సహస్ర ముఖం ముడుచుకుంది.

"అంటే నీ పని మీద నీకే నమ్మకం లేదు. దాంట్లో మమ్మల్ని ఎక్కించేదానికి మటుకు ఉండాది!"

"అతుకు గట్టిదే సహస్రా. నాకే... ఈత రాదు."

గట్టు మీద గంపలు మోసేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఈత రాదా? మరి ఇన్ని వారాలు ఈ మడుగులో ఏం చేస్తాండావు?"

"నువ్వుండావు కదా."

చెప్పేశాడు! రాత్రంతా బట్టీ పట్టిన డైలాగుల్లో ఒక్కటీ రాలేదు గానీ, విషయం చేరాల్సిన చోటికి చేరింది. సహస్ర చెవులు ఎర్రబడ్డాయి. టపటపా నాలుగు చినుకులు కూడా రాలాయి.

ఆమె అతని బకిళ్లు బిగించింది. జాకెట్ భుజాలు పట్టి పైకి లాగి, జారడం లేదని చూసుకుంది. తనూ జాకెట్ వేసుకుంది.

"పా, ఇద్దరం ఎక్కుదాం."

"అతుకేసినోడే కదా ఎక్కల్ల?"

"గుడ్డ పట్టుకున్నది నేను కాదా?"

ఈసారి బుద్ధిగా కూచునే వెళ్లాడు. తెడ్డు ఒకే పక్క వేసి పుట్టిని గిరగిరా తిప్పాడు. సహస్ర పగలబడి నవ్వింది. ఇద్దరూ కలిసి గుబురు లాగేసరికి తూములో నీళ్లు గలగలా కదిలాయి. అతుకులో ఒక్క చుక్కా ఊరలేదు. ఆ సంబరంలో ఇద్దరూ ఒకేసారి అతుకు మీదికి వంగారు.

"మే! ఇద్దరూ ఒగే పక్కకు చేరితే పుట్టి తిరగబడదా? ఎదురెదురుగా కూచోండి!" గట్టు మీంచి పెంచలమ్మ అరిచింది. "అబ్బీ, ఈత రానోనికి మా పిల్లను ఇయ్యం."

వివేక్ చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"వచ్చే ఆదివారం మా దిగుడుబాయి కాడికి రా. దీనికి నేర్పిందీ నేనే. నడుముకు బెండు కట్టి నీకూ నేర్పుతా."

వచ్చే ఆదివారం! వివేక్ ఆనందం పట్టలేక లేవబోయి, గుర్తొచ్చి మళ్లీ కూలబడ్డాడు.

"ఈత వచ్చేదానికి ఎన్ని వారాలు పడతాది?" అన్నాడు మెల్లగా.

"నీ తెలివికా? శానా ఏండ్లు పడతాది," అంది సహస్ర, నవ్వు ఆపుకుంటూ.

"పట్టనీ."