పసుపుకొమ్ము కట్టినామె

రోజాకి మొదట వింతగా తోచింది ఆ ఖాళీ బెంచీనే.

మదనపల్లిలో ఒక ఆస్పత్రి. స్కానింగ్ రూమ్ ముందర జనం నేల మీదనే చతికిలబడి ఉండారు, గోడకానుకొని కునికిపాట్లు పడతాండారు. బెంచీ మీద మాత్రం ఒక్కరూ లేరు. రోజా కూర్చోబోతే ఆయా తిమ్మక్క గొంతు తగ్గించి చెప్పింది — "దాని మీద వద్దు పాపా. పొద్దు గూకినాక అసలే వద్దు."

యాల అని అడిగే ఓపిక కూడా రోజాకి లేదు. డిగ్రీ అయినాక ఉద్యోగం రాలేదు, అమ్మ ఆస్పత్రి పనులన్నీ తన నెత్తినే పడినాయి. పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కినారు. చీటీ, రక్తపరీక్ష, సంతకం, మళ్లీ వరస... చీకటి పడినా వంతు రాలేదు. అమ్మ గంగులమ్మకి పోయిన ఎండాకాలం మెడ కింద గడ్డ తీసేసినారు. అది మళ్లా పుట్టిందా లేదా — ఈ స్కాన్‌లోనే తేలాల.

చివరికి పిలిచినారు, ఒంటి మీద లోహమేదీ ఉండకూడదన్నారు. గంగులమ్మ కమ్మలు తీసింది, మెట్టెలు తీసింది, తాళి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. పోయినసారి మొగుడు చెంగయ్య పక్కనే ఉండాడు గనక తీసింది. ఈసారి ఆయప్ప లారీ మీద ఉండాడు, యాడో ఘాట్‌రోడ్డులో.

"మీ నాయన బండి తోలతా ఉంటే నేను బోసి మెడతో పండుకోవాల్నా? ఇంటికి పోదాం పామ్మా."

రోజా బతిమాలింది, కసురుకునింది. లోపల స్కానింగాయన టైమైపోతాండాదని గొణుగుతాండాడు.

అప్పుడు చూసింది... బెంచీ చివర ఒకామె కూర్చోనుండాది.

ఎప్పుడొచ్చిందో తెలీదు. తమది కుప్పం పక్క అని చెప్పుకునింది. కొంగుముడి విప్పి పసుపుతాడు తీసింది, దానికొక పసుపుకొమ్ము. తాళి తీయాల్సొస్తే దానికి బదులు అది కట్టుకునేది ఉండేదే, రోజాకే అంతసేపూ తట్టలేదు. ఆమే అమ్మ మెడలో ముడేసింది, చెవిలో ఏందో చెప్పింది. అమ్మ తలూపి, తాళి తీసి రోజా చేతిలో పెట్టి లోపలికి పోయింది.

మిషన్ దబదబా కొట్టుకుంటాండాది. తాళి పిడికిట్లో పట్టుకొని రోజా తిరిగి చూస్తే... బెంచీ ఖాళీ.

"ఆ కుప్పమామె యాడికి పోయింది, అక్కా?"

తిమ్మక్క రోజాని బెంచీ కాడి నుంచి పక్కకి లాగింది. "మీ అమ్మ ఒక్కతే గదా పాపా తాడు కట్టుకుంటా ఉన్నింది..." తర్వాత మెల్లగా చెప్పింది. మునుపొకసారి కుప్పం నుంచి ఒకామె వచ్చిందంట, తాళి తీసి స్కానుకి పోయిందంట. మళ్లా కట్టుకునే రాత లేకపోయింది. శవాన్ని ఆ బెంచీ మీదనే పండబెట్టినారంట.

అమ్మ బయటికి రాగానే రోజా తాళి వేయించి బస్సెక్కించింది. పసుపుతాడు అట్లనే ఉండాది.

బస్సు పుంగనూరు చేరకముందే ఫోన్ మోగింది. స్కానింగాయన.

"ఏమ్మా, మీ అమ్మ తాళి తీయలేదు గదా? గడ్డ సూడాల్సిన చోటంతా నల్లగా పడింది. లోహముంటేనే అట్ల పడతాది. రేపు మళ్లా రండి."

స్కాన్ అయ్యేంతసేపూ తాళి రోజా పిడికిట్లోనే ఉన్నింది. అమ్మ మెడలో ఉన్నిందల్లా నూలుతాడు, పసుపుకొమ్ము.

ఇంటికొచ్చి ఆ తాడు తీసేయమనింది. గంగులమ్మ అరిచెయ్యి దాని మీద కప్పుకునింది.

"నేను తీయకూడదంట. ఆమే వచ్చి తీసుకుంటాననింది లే... పండుకో."

ఇప్పుడు అమ్మ నిద్రపోతాండాది. రోజా కత్తెర పట్టుకొని మంచం పక్కన నిలబడి ఉండాది. తెంపకపోతే రేపు కూడా ఆ చోటు నల్లగానే పడతాది, లోపల గడ్డ ఉండాదో లేదో తెలీకుండానే రోజులు పోతాయి. తెంపితే... ఆమె వచ్చినప్పుడు తాడుకి బదులు ఏమడుగుతాదో.

తెల్లారితే బస్సు. రోజా మిమ్మల్నే అడుగుతాండాది — తెంపేదా, వద్దా? మీ అమ్మైతే ఏం చేస్తారు?