జమ్మలమడుగులో మాయమైన పొగ మిషన్

2001 మార్చి 12. ఉదయం 9.20.

జమ్మలమడుగు నాపరాళ్ల ఫ్యాక్టరీ ఇంజన్ షెడ్డులో ఏదో ఢామ్మని పేలింది. 9.40కి సి.ఐ. గోవిందు వచ్చేసరికి షెడ్డులో ఉండాల్సిన పొగ మిషన్ లేదు. దాన్ని తయారుచేసిన ప్రొద్దుటూరు కాలేజీ లెక్చరర్ సిరాజుద్దీన్ చేతులకు తాడు కట్టి ఉంది.

బయట ఆరు సుమోలు ఇంజన్లు ఆపకుండా సిద్ధంగా ఉన్నాయి. మిషన్‌ను ప్రారంభించి పేపర్లో ఫోటో వేయించుకుందామని మనుషులతో వాటిలో వచ్చిన నాయకుడు నారాయణస్వామి మీసం దువ్వుతున్నాడు.

“అవతలి పార్టీవాళ్లు బాంబేసి మిషన్ ఎత్తుకపోయినారు. దారి చూపించింది ఈ లెక్చరరే. కేసు రాయి సారూ. మధ్యాన్నానికి వాళ్ల ఊరుండదు.”

గోవిందు నేల చూశాడు. మసి లేదు. మేకులు లేవు. మందు వాసన అసలే లేదు. సీమలో బాంబు పడిన చోటు ఇంత శుభ్రంగా ఉంటుందా? అబద్ధమాడటానికైనా కాస్త బుర్ర ఉండాలి, వీళ్లకు అదీ లేదు అనుకున్నాడు.

“ఆ మిషన్ ఏం చేస్తాది?” అని సిరాజుద్దీన్‌ను అడిగాడు.

“డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లుంటాయి సార్. ఊపిరితిత్తులను తినేస్తాయి. గాజు గొట్టంలో హై వోల్టేజీతో ప్లాస్మా అనే ఊదా వెలుగు పుట్టిస్తే ఆ విషం రూపు మారుతుంది. వెనకున్న కేటలిస్టు దిమ్మ దాన్ని మామూలు నైట్రోజన్ చేస్తుంది. నాలుగేండ్ల కష్టం సార్.”

“తొమ్మిదికి మిషన్ ఎట్లుండింది?”

“నడుస్తాండింది. గొట్టం మూడొందల డిగ్రీల వేడి. నేను టీకి పోయినా.”

గోవిందు నాయకుడి కుడిభుజం పుల్లన్న వైపు తిరిగాడు.

“అన్న రాకముందు షెడ్డు చెక్ చేసిందెవరు?”

“నేనే. తొమ్మిదింబావుకు.”

“అనుమానమొచ్చిన వస్తువు కనపడితే ఏం చేస్తావప్పా?”

పుల్లన్న ఛాతీ విరిచాడు. “నీళ్లలో ముంచుతా. మందు తడిస్తే పేలదు. ఇరవై ఏండ్ల సర్వీసు సార్!”

“మరి నీ భుజం మీద టవల్ యాడ కాలింది?”

విరిచిన ఛాతీ దిగిపోయింది.

ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ల తొట్టి పక్కనే ఉంది. అందరూ శత్రువు కోసం రోడ్డు వైపు చూశారే గానీ తొట్టిలోకి ఒక్కడూ చూడలేదు. గోవిందు మోచేతి దాకా చెయ్యి ముంచాడు. గాజు పెంకులు, వైర్లు, బీటలు వారిన దిమ్మ ఒక్కొక్కటే పైకి తీశాడు.

“కాలే గాజు చన్నీళ్లలో పడితే పేలుతుంది. మీరు విన్న బాంబు ఇదే.”

“మిషనంటే లారీ అంత ఉంటాదనుకున్యా సార్,” పుల్లన్న గొణిగాడు. “వైర్లు, ఊదా వెలుగు, బుస్సుమని సప్పుడు... బాంబనుకోని వైర్లు పీకి, టవల్‌తో పట్టుకోని ముంచినా. భయపడినానని అన్నతో ఎట్ల చెప్పేది?”

“శత్రువే ఏసినాడని రాయి,” అన్నాడు నారాయణస్వామి.

“రాస్తా. మీ పులి పొగ గొట్టాన్ని చూసి జడుసుకునిందని కూడా రాస్తా. పులివెందుల దాకా చదువుకోని నవ్వుతారు.”

నారాయణస్వామి మొహం మాడిపోయింది. “అయితే కేసే వద్దు. ఈడ ఏమీ జరగలా.” సుమోల ఇంజన్లు ఆగాయి. ఒక ఊరు బతికింది.

గోవిందు తాడు విప్పాడు. సిరాజుద్దీన్ చేతులు రుద్దుకుంటూ గాజు పెంకుల ముందు నిలబడ్డాడు.

“సార్, నా మిషన్ పగలగొట్టినోడి మీద కంప్లైంట్ ఇస్తా. రాసుకోండి.”

నారాయణస్వామి మళ్లీ మీసం మీద చెయ్యేశాడు. సి.ఐ. వైపు చూశాడు, అంతే.

అంతసేపూ వాళ్ల పులి జడుసుకునిందని ఎగతాళి చేసిన గోవిందు పెన్నుకు మూత పెట్టాడు.

“ఇంటికి పో అప్పా,” అన్నాడు, అతని మొహం చూడకుండా.