గుర్తులేని గెలుపు

1974 నవంబరు, ఆదివారం. నెబ్రాస్కాలో మొక్కజొన్న కోతలు ముగిశాయి. వెర్లిన్ కుచేరా చర్చి నుంచి ఉత్సాహంగా ఇంటికొచ్చాడు. ముందురోజు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో, బంతితో దూసుకొస్తున్నవాణ్ణి చివరి నిమిషంలో గోల్ గీత దగ్గరే తలతో ఢీకొట్టి పడగొట్టి జట్టును గెలిపించింది అతని కొడుకు డ్వేన్. ఇంకొక్క ఆట గెలిస్తే ఆ సీజన్‌లో ఓటమన్నదే లేనట్టు.

వంటింట్లో లోర్నా పాన్‌కేకులు వేస్తోంది. డ్వేన్ బల్ల ముందు కూర్చున్నాడు. వెర్లిన్ పేపరు పరిచాడు.

"చూడరా, మొదటి పేజీలో నువ్వే!"

డ్వేన్ ఫొటో వంక చాలాసేపు చూశాడు. "గెలిచామా నాన్నా?"

"వేళాకోళమా? పదిహేడు, పద్నాలుగు!"

లోర్నా పొయ్యి ఆపేసింది. "పొద్దుట్నుంచి నన్నూ రెండుసార్లు అడిగాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా."

"తల దిమ్మెక్కిందంతే. నేను విరిగిన వేలితో ఆడలేదూ? డాక్టరు ఆడొద్దంటే వచ్చే శనివారం జట్టు గతేం కాను?"

"జట్టులో ఎనభైమందున్నారు వెర్లిన్. నాకు వీడొక్కడే."

"ఆడతానమ్మా," అన్నాడు డ్వేన్. "అక్టోబరులోనూ ఇలాగే అయి తగ్గిపోయింది."

"అక్టోబరులోనా? ఎవరికైనా చెప్పావా?" అన్నాడు వెర్లిన్.

"చెబితే కూర్చోబెట్టేస్తారుగా. అప్పుడు నువ్వు ఊళ్ళో తలెత్తుకోగలవా?"

డ్వేన్ మళ్ళీ పేపరు అందుకున్నాడు. "ఇది నేనేనా? గెలిచామా?"

"గెలిచాంరా," అన్నాడు వెర్లిన్ మెల్లగా. లేచి వెళ్ళి కోచ్ ఇంటికి ఫోన్ చేశాడు. "మావాడు శనివారం ఆడడు. వాడు ఒప్పుకోడు, నేనే చెబుతున్నా."

డ్వేన్ అరిచాడు, కుర్చీ తన్నాడు. మర్నాడు డాక్టరు ఇక జన్మలో ఆడకూడదన్నాడు. ఆ వారమంతా కొడుకు తండ్రితో మాట్లాడలేదు.

శనివారం ముగ్గురూ రేడియో ముందు కూర్చున్నారు. జట్టు మూడు పాయింట్ల తేడాతో ఓడింది. కాసేపటికే ఫోన్ మోగింది. వెర్లిన్ విన్నాడు. అవతలి గొంతు తిట్లతో గదంతా వినబడేంతగా లేచినా "సరే" అని మాత్రం అని పెట్టేశాడు.

"ఎవరు నాన్నా?" ఆరు రోజుల తరవాత డ్వేన్ నోరు విప్పాడు.

"ఎవరో. నీకెలా ఉందని అడిగారు."

"నీకు అబద్ధమాడటం కూడా రాదు," అని డ్వేన్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

వెర్లిన్ కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి లోర్నా లేచి, దాని తీగ ఊడబెరికింది.