రెండు వేళ్ల వదులు

పొద్దున్న ఏడున్నరకి కూతురు గోడకు చేతులానించి నిలబడింది. తల్లి వెనక నుంచి బ్రేస్ పట్టీలు లాగింది. వెన్ను పక్కకు వంగుతున్న పిల్లకు చంక కింద నుంచి తుంటి దాకా పట్టే గట్టి ప్లాస్టిక్ తొడుగు అది. రోజుకు ఇరవై గంటలు ఉంచుకోవాలి. పట్టీ ఎంతవరకు లాగాలో దాన్ని తయారుచేసినాయన నల్ల గీత గీసిచ్చాడు.

"గీత దాకా వచ్చిందామ్మా?"

"వచ్చింది. పద, నాన్న బండి తీశారు. ఎక్స్‌రేకి ఆలస్యమవుతుంది."

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి తండ్రి మొహం మాడిపోయింది. నాలుగు నెలల్లో వంపు ఇరవై ఎనిమిది డిగ్రీల నుంచి ముప్పై నాలుగుకు పెరిగింది.

"బళ్లో తీసేస్తున్నావు కదూ? ఇలాగే పెరిగితే ఆపరేషనంటున్నారు. నీకు ఆటలుగా ఉందా?"

"తీయలేదు నాన్నా. తాబేలూ అని ఏడిపించినా తీయలేదు."

"అబద్ధాలు కూడా నేర్చావన్నమాట."

పెద్దవాళ్లింతే. లెక్క తప్పితే ముందు పిల్లల్నే దొంగల్ని చేస్తారు.

అదే ఆసుపత్రిలో కూర్చునే బ్రేస్ తయారుచేసినాయన తొడుగు విప్పించాడు. పట్టీని కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు. పాత గీతను ఎవరో తుడిచేశారు. రెండు వేళ్ల వదులు వదిలి కొత్త గీత, స్కేలు పెట్టినంత తిన్నగా ఉంది.

"ఇది నేను గీసింది కాదు. ఎవరు గీశారు?"

తల్లి ఒక అడుగు ముందుకొచ్చింది. "నేనే. దర్జీ పని చేస్తాను. నడుం దగ్గర కందిపోతుంటే చూడలేకపోయాను. గౌను బిగుతైతే కుట్టు విప్పి వదులు చేస్తాం కదా, అలాగే అనుకున్నాను."

"ఇది బట్ట కాదమ్మా. ఆ నొక్కుడే దీనికి మందు. కందిన మచ్చ అరగంటలో పోకపోతే నా దగ్గరికి రండి, నేను సరిచేస్తాను."

"రాత్రిపూట మాత్రమే వేసే రకం ఉందటగా?" అంది తల్లి.

"ఉంది. అది కొన్ని వంపులకే పనికొస్తుంది. ఈ పాపకు పగలు కూడా కావాలి. ఇంకా ఎదుగుతోంది కాబట్టి చెయ్యి దాటిపోలేదు."

తండ్రి భార్య వైపు తిరిగాడు. ఆయన నోరు తెరిచేలోపే కూతురు అడ్డొచ్చింది.

"ముందు నాకు సారీ చెప్పు నాన్నా. అమ్మని తర్వాత తిడుదువుగాని."

ఆయన తల దించేశాడు. "తప్పు నాదేరా తల్లీ. అడగకుండానే నీమీద పడ్డాను."

తల్లి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. కూతురు తొడుగు మళ్లీ వేసుకుని, వెళ్లి ఆమె ముందు వీపు తిప్పి నిలబడింది.

"నువ్వే బిగించమ్మా. నాకెలా ఉందో నువ్వు అనుకోకు. నన్నడుగు."

తల్లి కొంచెం లాగి ఆగింది. "నొప్పా?"

"కాదు. నొక్కుతోంది అంతే. లాగు."

తల్లి లాగింది.